తల్లివైపు చుట్టరికం

ల్యాబులో ఆమెను అందరూ చుక్కలక్క అనేవాళ్ళు. పొద్దున వచ్చి తెల్లకోటు తొడుక్కున్న దగ్గర్నుంచి సాయంత్రం దాకా ఆమె చేసే పని చుక్కలు వెయ్యడమే. ఆవగింజంత కూడా లేని నీటి చుక్కను పిప్పెట్టుతో పీల్చి, చిటికెన వేలి కొసంత ప్లాస్టిక్ గొట్టంలో వదలడం, మూత నొక్కడం, పక్క గొట్టం అందుకోవడం. ఆమె భర్త బస్సు డ్రైవరు. "ఊళ్ళో మొగుళ్ళందరూ చుక్కేసుకుని ఇంటికొస్తారు. మా ఇంట్లో మాత్రం పెళ్ళాం చుక్కలేసి వస్తుంది" అని డిపోలో తోటివాళ్ళను నవ్వించేవాడు. ఆ మాట అక్కడా ఇక్కడా తిరిగి చివరికి ల్యాబుకే చేరి ఆమెకు పేరైపోయింది. ఆమె కూడా కాదనలేదు.

అది చేపల మీద పరిశోధన చేసే చోటు. ఆమె గదికి కిటికీలు ఉన్నా తెరవరు, దుమ్ము పడుతుందని. ఓ మూల ఎప్పుడూ గురక పెట్టే ఫ్రిజ్, బల్ల మీద గొట్టాలను గిర్రున తిప్పే యంత్రం, దాని పక్కన గోరువెచ్చటి నీళ్ళ తొట్టి, గోడకున్న అల్మరాలో స్పిరిటు సీసాలు. ఒక్కో సీసాలో గోరు కత్తిరించి పడేసినంత చేప రెక్క ముక్క. ఆ ముక్కను కరిగించి, కడిగి, వడకట్టి, అందులోంచి జీవి రాతను బయటికి తియ్యడం ఆమె ఉద్యోగం. ఆ రాతను చదివి అర్థం చెప్పడం మేడం పని. మేడం అంటే ఆ ల్యాబుకు పెద్ద. తక్కువ మాట్లాడేది, ఎక్కువ నడిచేది. వాగుల వెంట తిరిగి తిరిగి ఆమె చెప్పులు ఏ సీజనులో చూసినా బురదగానే ఉండేవి.

ల్యాబు వెనక పెరట్లో రేకుల షెడ్డు ఉంది. అందులో వరసగా అద్దాల తొట్లు. వాటిని చూసుకునేది చుక్కలక్క తమ్ముడు. వాళ్ళిద్దరికీ వయసులో చాలా తేడా. తండ్రి పోయాక తల్లి బట్టల ఫ్యాక్టరీలో కుట్టు పనికి వెళ్తుంటే, బడి నుంచి రాగానే వాణ్ణి చంకనేసుకునేది అక్కే. వాడికి మొదటి ముద్ద పెట్టిందీ, మొదటి దెబ్బ వేసిందీ కూడా తనేనని చెప్పుకునేది. పెద్దయ్యాక వాడు చదువులో నిలవలేదు గానీ నీళ్ళతో వాడికి మంచి స్నేహం. మేడంకి చెప్పి షెడ్డులో పెట్టించింది. అక్కడ వాడు కుదురుకున్నాడు. చేపలకు మేత వేస్తూ వాటితో కబుర్లు చెప్పేవాడు. మిగతా వాటిని మూలకు తరిమి మేతంతా తనే తినే ముసలి ఆడచేపకు 'అత్తగారు' అని పేరు పెట్టాడు.

"అత్తగారికి ఇవాళ ఒంట్లో బాలేదక్కా. ఎవర్నీ కరవలేదు" అనేవాడు భోజనాల వేళ.

వాడంటే చుక్కలక్క కొడుక్కి ప్రాణం. ఆ పిల్లాడి వయసు పంతొమ్మిది, మెకానిక్కు పని నేర్చుకుంటున్నాడు. గడ్డం మీద నొక్కు, నడినెత్తిన సుడి, ఒక భుజం కాస్త దించి నడిచే నడక, అన్నీ మామయ్యవే. ఇద్దరూ కలిసి బస్సెక్కితే అన్నదమ్ములనుకునేవారు. "మేనమామ పోలిక వచ్చిన పిల్లాడు అదృష్టవంతుడు" అని వాడి అమ్మమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పేది.

ఆ ఏడు ల్యాబులో అందరి ధ్యాసా నల్లంచు పరక మీద ఉంది. అరచేతిలో ఇమిడే చేప అది. ఒళ్ళంతా వెండి, రెక్కల అంచున మాత్రం కాటుక దిద్దినట్టు సన్నటి గీత. ఒక కొండకు తూర్పున పారే వాగులోనూ, పడమట పారే వాగులోనూ తప్ప ఇంకెక్కడా లేదు. తూర్పు వాగు పైన రాళ్ళు పిండికొట్టే క్వారీ పెట్టారు. ఆ రాతి పిండి కొట్టుకొచ్చి, చేప గుడ్లు అంటించే గులకరాళ్ళన్నిటి మీదా సున్నం వేసినట్టు పేరుకుంది. మేడం మనుషులు వాగంతా గాలించి చివరికి మిగిలిన చేపల్ని పట్టి తెచ్చి షెడ్డులో మూడు తొట్లలో పెట్టారు. అత్తగారు వాటిలోదే. క్వారీ మూతపడ్డాక పడమటి వాగు చేపల్ని తెచ్చి తూర్పు వాగులో వదిలేస్తే సరిపోతుందని పైఅధికారుల ఆలోచన. చేప చేపే కదా అని వాళ్ళ లెక్క. మేడం ఒప్పుకోలేదు. ముందు అవి రెండూ ఒకటో కాదో తేల్చాలంది.

ఆ పని చుక్కలక్క బల్ల మీదికి వచ్చింది. తమ్ముడు ఒక్కో చేపనూ తడి చేత్తో పట్టుకుని తోక రెక్క చివర పిసరంత కత్తిరించి, మళ్ళీ నీళ్ళలో వదిలేవాడు. చేప ఒకసారి విదిలించుకుని వెళ్ళిపోయేది. ఆ పిసరు చుక్కలక్క దగ్గరికి వచ్చేది.

"ఇంతకీ అందులో ఏం వెతుకుతున్నారు మీరు?" అని ఒకనాడు అన్నం తింటూ భర్త అడిగాడు.

"జీవి కణంలో రెండు రాతలుంటాయండీ. ఒకటి పెద్దది, అమ్మదీ నాన్నదీ కలగలిసిన రాత. ఇంకోటి చిన్నది. కణానికి శక్తి తయారుచేసే బుల్లి పొయ్యిల్లాంటివి ఉంటాయి, మైటోకాండ్రియా అంటారు, వాటిలో ఉంటుంది. అది తల్లి నుంచే బిడ్డకి వస్తుంది. తండ్రిది రాదు. కలగలుపు లేదు కాబట్టి ఆ దారి పట్టుకుని అమ్మ, అమ్మమ్మ, ఆవిడ అమ్మ అని వెనక్కి పోతే, ఎవరు ఎవరికి చుట్టమో, ఎంత కాలం కింద వేరుపడ్డారో తెలుస్తుంది."

"అంటే అక్కడ కూడా మగాడి మాట చెల్లదన్నమాట" అన్నాడు భర్త. కొడుకు పొలమారేలా నవ్వాడు.

ఆ రోజుల్లోనే తమ్ముడు పంపిన ఒక సీసాలో రెక్క ముక్క బదులు నాచు ముక్క వచ్చింది. చుక్కలక్క వెళ్ళి అడిగితే తడుముకున్నాడు.

"కుడి కన్నేదో మసకేసిందక్కా. నొప్పీ మంటా ఏం లేదు. సరిగ్గా దేన్ని చూడాలనుకుంటే దాని మీదే బొట్టు బిళ్ళ అతికించినట్టు ఉంటోంది. చుట్టుపక్కల అంతా కనిపిస్తుంది, చూడాల్సింది తప్ప."

కళ్ళజోళ్ళ షాపువాడు జోడు ఇచ్చాడు. పని చెయ్యలేదు. రెండు నెలలు తిరక్కుండానే ఎడమ కన్నూ అదే దారి పట్టింది. వాడు మనిషి మొహాన్ని సూటిగా చూస్తే మొహం కనిపించేది కాదు. అందుకని తల కొంచెం పక్కకు తిప్పి, చెవి వైపో భుజం వైపో చూస్తూ మాట్లాడటం అలవాటు చేసుకున్నాడు. బావ వేళాకోళం చేశాడు, "ఏంటోయ్, నాతో కూడా ఓరచూపులా" అని. వాడూ నవ్వాడు గానీ ఆ నవ్వు ఎటో పోయింది.

పెద్దాసుపత్రికి అక్కే తీసుకెళ్ళింది. కళ్ళ డాక్టరు చాలాసేపు దీపం వేసి చూశాడు. తర్వాత కుర్చీ వెనక్కి లాక్కుని, "మీ అమ్మగారి వైపు ఎవరికైనా చిన్న వయసులో చూపు పోయిందా?" అని అడిగాడు.

"అమ్మ తమ్ముడు ఒకాయన ఉండేవాడండీ. కానీ ఆయనకి తాగుడు వల్ల పోయింది. కల్తీ సారా."

"అలా అని ఎవరు చెప్పారు?"

ఆమె ఆలోచించింది. "ఇంట్లో అందరూ అనేవాళ్ళు" అంది.

రక్తం తీసి పంపారు. ఫలితం వచ్చాక మళ్ళీ రమ్మన్నారు. డాక్టరు ఎదురుగా ఇద్దరూ కూర్చున్నారు. ఆయన మంచివాడు, అర్థమయ్యేలా చెబుదామని నెమ్మదిగా మొదలుపెట్టాడు. "చూడమ్మా, మన ఒంట్లో కణాలుంటాయి. వాటిలో శక్తి తయారుచేసేవి..."

"మైటోకాండ్రియా" అంది చుక్కలక్క.

డాక్టరు ఆగాడు.

"నేను చేపల ల్యాబులో టెక్నీషియన్నండీ. రోజూ అదే పని" అంది. ఆ మాట అంటుండగానే మిగిలిందంతా ఆమెకు అర్థమైపోయింది. ఆయన ఇంకా చెప్పనివి కూడా. ఆ రాతలో ఎక్కడో ఒక అక్షరం మారింది. కంటి నరం ఆ ఒక్క అక్షరానికి తట్టుకోలేదు. అది తమ్ముడికి అమ్మ నుంచి వచ్చింది. అమ్మ నుంచి తనకూ వచ్చింది. తన నుంచి.

"నా కొడుక్కి?" అంది.

"వస్తుందని చెప్పలేను, రాదని చెప్పలేను. ఆ రాత ఉన్నవాళ్ళందరికీ చూపు పోదు. ఆడవాళ్ళలో తక్కువమందికి, మగపిల్లల్లో ఎక్కువమందికి వస్తుంది. వస్తే మీ తమ్ముడి వయసుకు అటూ ఇటూగా. సిగరెట్టు, మందు దరిచేరనివ్వకండి. అంతకుమించి నా చేతిలో ఏం లేదు."

"మరి నాకు పుట్టే పిల్లలకి?" అని తమ్ముడు అడిగాడు, డాక్టరు భుజం పక్కన గోడను చూస్తూ.

"మీ నుంచి రాదు. మగవాళ్ళ నుంచి వెళ్ళదు."

బయట వరండాలో బెంచీ మీద కూలబడ్డాక వాడే ముందు మాట్లాడాడు. "విన్నావుగా. నాతో సంబంధం కలుపుకోవాలనుకునేవాళ్ళు పిల్లల గురించి భయపడక్కర్లేదు. మొగుడి గురించి భయపడితే చాలు." అక్క నవ్వలేదు. వాడు చెయ్యి చాపి, ఒకసారి తప్పి, రెండోసారి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అక్కా, ఆఫీసులో చెప్పొద్దు. చెబితే రేపట్నుంచి నన్ను షెడ్డులోకి రానివ్వరు. తొట్లను నేను కళ్ళతో చూడక్కర్లేదు, చేతికి అలవాటే. చిన్న చిన్నవి నువ్వు చూసిపెట్టు చాలు."

చుక్కలక్క సరేనంది. వాడు ఏది అడిగినా కాదనడం ఆమెకు చిన్నప్పటి నుంచీ చేతకాదు.

తల్లికి ఏమీ చెప్పకూడదని అనుకున్నారు. కానీ కొడుకు తన వైపు చూడకుండా పక్కకు చూస్తూ అన్నం తినడం తల్లి ఎన్నాళ్ళు గమనించదు? ఒక ఆదివారం కంచం ముందు నుంచి లాగేసి, "ఏం దాస్తున్నారు మీరిద్దరూ?" అని నిలదీసింది.

తమ్ముడే చెప్పాడు. మెత్తగా, ఆవిడ తప్పు లేదన్నట్టే చెప్పాడు. చివర, ఏదో కాస్త మంచి కూడా చెప్పాలన్నట్టు, "మామయ్య తాగి పోగొట్టుకోలేదమ్మా కళ్ళు. ఆయనదీ ఇదే" అన్నాడు.

తల్లి తన నుంచి వచ్చిందన్న మాటకు ఏడుస్తుందని చుక్కలక్క సిద్ధంగా ఉంది. ఆవిడ మనసు మాత్రం ఇంకో చోటికి వెళ్ళిపోయింది.

"వాడు ప్రెస్సులో అచ్చులు పేర్చేవాడు" అంది. "పనిలోంచి తీసేశారని ఒకరోజు వచ్చాడు. తాగుతున్నావటగా అని అడిగాను. లేదక్కా, కళ్ళు కనిపించట్లేదు అన్నాడు. అంటూ నా మొహం వంక చూడలేదు. గుమ్మం పక్క గోడ వంక చూస్తూ అన్నాడు. అబద్ధం ఆడేవాడు కాబట్టే మొహం చూడలేకపోతున్నాడనుకున్నాను."

కొంగుతో కంచం అంచు తుడిచింది. అది శుభ్రంగానే ఉంది.

"తర్వాత ఇంకో రెండు మూడుసార్లు వచ్చాడు. వచ్చినప్పుడల్లా అలాగే గోడ వంక చూసేవాడు. సిగ్గులేనివాడా, తోడబుట్టినదాన్ని సూటిగా చూడలేనివాడివి ఎందుకొచ్చావు అని తలుపేశాను. మళ్ళీ రాలేదు. దిక్కులేనివాళ్ళ ఆశ్రమంలో పోయాడని ఎవరో చెబితే తెలిసింది."

ఆ తర్వాత ఆవిడ ఆ విషయం ఎత్తలేదు. కానీ ఆ రోజు నుంచి ఆ ఇంటి వీధి తలుపు పగలు వెయ్యనివ్వలేదు. దుమ్ము వస్తుందంటే రానీ అనేది.

ఇటు ల్యాబులో పని పూర్తి కావస్తోంది. ఇంటి బాధ ఇంట్లో ఉన్నా చుక్కలక్క ఒక్క చుక్కా తప్పు వెయ్యలేదు. యంత్రం ఆ రాతకు నకళ్ళు తీసింది, జిగురు పలక మీద అవి గీతలై వెలిగాయి, వాటి అక్షరాలను బయటి ల్యాబులో చదివించుకొచ్చారు. మేడం కంప్యూటరు మీద చేపల వంశవృక్షం గీయించింది. ఒక సాయంత్రం చుక్కలక్కను పిలిచి చూపించింది.

"ఇదిగో, ఇది పడమటి వాగు పరక. తూర్పుది దీని పక్కన కొమ్మ మీద ఉంటుందనుకున్నాను. చూడు ఎక్కడుందో." మేడం వేలు తెర మీద దాదాపు ఆ చివరికి వెళ్ళింది. "దీనికి దగ్గరి చుట్టం మైదానంలో ఇంకేదో నదిలో ఉంది. పడమటిదీ ఇదీ నల్లంచు చూసి అక్కాచెల్లెళ్ళనుకున్నాం. అది ఉత్త పోలిక. కొండ పైకి లేవకముందే దారులు వేరైపోయాయి."

"అంటే పడమటివి తెచ్చి వదలకూడదు."

"వదిలితే వాగులో ఏదో చేప ఉంటుంది. ఇది ఉండదు. ఇంకోటి కూడా చూడు. మన తొట్లలో ఉన్నవాటన్నిటికీ ఒకే రాత, అక్షరం తేడా లేదు. వాగులో ఇంకెన్ని తల్లుల సంతానం ఉండేదో తెలీదు. మిగిలింది ఒక్క తల్లి దారి."

చుక్కలక్క షెడ్డుకెళ్ళి తమ్ముడికి ఇదంతా చెప్పింది. వాడు అద్దానికి చెంప ఆనించి, కంటి కొసతో తొట్టిని చూస్తూ విన్నాడు. "అయితే మా అత్తగారిది గొప్ప ఇంటి వంశమన్నమాట. ఊరికే అంత పొగరు రాదు" అన్నాడు. ఆ రోజు వాడి మొహంలో పాత వెలుగు కనిపించింది ఆమెకు.

చాలాకాలం ఇద్దరూ నెట్టుకొచ్చారు. మధ్యాహ్నం భోజనం ముగించగానే ఆమె షెడ్డులోకి వెళ్ళి థర్మామీటరు చదివేది, గుడ్లు ఉన్నాయేమో గులకరాళ్ళు ఎత్తి చూసేది, మందు వెయ్యాల్సి వస్తే కొలగొట్టంలో గీత చూసి తనే కొలిచేది. మేడం ఎదురైతే తమ్ముడు నీళ్ళలో చెయ్యి పెట్టి తల వంచుకునేవాడు. ఎవరికీ అనుమానం రాలేదు.

ఒకసారి చుక్కలక్క నమూనాలు పట్టుకుని పక్క ఊరి ల్యాబుకు వెళ్ళాల్సి వచ్చింది. అదే రోజు తొట్లలో చేపలు రాళ్ళకు ఒళ్ళు రాసుకోవడం తమ్ముడికి తెలిసింది. కదలిక వాడికి బాగానే కనిపించేది. పురుగు పట్టిందని గ్రహించాడు. ఆలస్యమైతే ప్రమాదమనీ వాడికి తెలుసు. అక్కకు ఫోను చేద్దామనుకున్నాడు. ప్రతిదానికీ అక్కేనా అనుకున్నాడు. మందు సీసా వాడి చేతికి తెలిసిందే, సీసా తప్పలేదు. కొలగొట్టాన్ని కిటికీ వెలుతురులో పెట్టి, పక్క నుంచి, పైనుంచి చూశాడు. గీతలు కలిసిపోయి కనిపించాయి. కనిపించిందనుకున్న గీత దాకా పోశాడు. ఒక తొట్టి అయ్యాక రెండోది. మూడో దానికి కొలుస్తుంటే మొదటి తొట్టిలో నీళ్ళ మీద టపటపమన్న చప్పుడు వినిపించింది.

చుక్కలక్క తిరిగి వచ్చేసరికి షెడ్డు ముందు జనం ఉన్నారు. తమ్ముడు గట్టు మీద కూర్చున్నాడు, మోచేతుల దాకా తడిగా. రెండు తొట్లలోని చేపల్నీ మంచినీళ్ళలోకి మార్చి ఒక్కోదాన్నీ చేత్తో అటూ ఇటూ ఆడించాడట, మొప్పల్లోకి నీళ్ళు పోతాయని. ఒక్కటీ తేరుకోలేదు. అత్తగారు ఇంకా వాడి అరచేతిలోనే ఉంది.

"చచ్చిపోయిందని తెలుసక్కా" అన్నాడు. "కింద పెట్టడానికి మనసు రావట్లేదు."

మేడం గదిలోకి చుక్కలక్క ఒక్కతే వెళ్ళింది. తలుపు దగ్గరే నిలబడి, వాడి కళ్ళ సంగతీ, తను దాచిన సంగతీ మొత్తం చెప్పింది. మేడం కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదని చుక్కలక్క తర్వాత చాలాసార్లు అనుకుంది.

"నాకు చెప్పి ఉంటే వాణ్ణి తీసేసేదాన్నా?" అంది మేడం. "వాడికి పక్కన ఇంకొకర్ని పెట్టేదాన్ని. అంతే కదమ్మా."

అంతే. అంత చిన్న విషయం.

తమ్ముడు మర్నాడే పని మానేశాడు. ఎవరూ పొమ్మనలేదు. మేడం ఇంటికి వచ్చి అడిగింది కూడా. "చేపలు నన్ను క్షమించినా నాకు ధైర్యం లేదు మేడం" అన్నాడు.

మందు పడని మూడో తొట్టిలో, షెడ్డులోనే పుట్టిన పిల్ల చేపలు కొన్ని బతికాయి. అవి ఆడవో మగవో ఆ వయసులో తెలియదు. వాటి మీదే అందరి ఆశ. కొత్తగా వచ్చిన మనిషి వాటిని కంటికి రెప్పలా చూసుకున్నాడు. చుక్కలక్క రోజూ ఒకసారి వెళ్ళి అద్దం ముందు నిలబడేది. ఎదిగే కాలం వచ్చింది. ఒక్కోదానికీ రెక్కల అంచు నల్లగా చిక్కబడసాగింది. ముక్కు మీద చెమట బొట్లలా తెల్లటి మొటిమలు లేచాయి. మొటిమలు మగ చేపలకే వస్తాయి. ఒకటి, ఇంకొకటి, చివరికి అన్నిటికీ లేచాయి.

మేడం తొట్టి ముందు చేతులు కట్టుకుని చాలాసేపు చూసింది. "వీటి రాత వీటితోనే ఆగిపోతుంది" అంది. తర్వాత గదిలోకి వెళ్ళిపోయింది. వాగుకు మనుషుల్ని మళ్ళీ పంపారు. ఎండాకాలం ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి. వలలో గవ్వలు పడ్డాయి, ఆకులు పడ్డాయి. తూర్పు పరకకు వేరే జాతిగా పేరు పెట్టి మేడం వ్యాసం అచ్చు వేయించింది. ఆ పేరు వచ్చేనాటికి తొట్టిలో ఉన్నది ముసలిదైపోయిన ఒక్క మగచేప. ఆ సంగతి ఫోనులో విని తమ్ముడు, "పేరు పెట్టేటప్పుడు ఇంట్లో ఒక్కడన్నా ఉన్నాడు, నయం" అన్నాడు. అది వానాకాలం చివర్లో పోయింది. దాని తోక పిసరును చుక్కలక్కే కత్తిరించి స్పిరిటులో వేసి, సీసాను అల్మరాలో మిగతావాటి పక్కన పెట్టింది.

తమ్ముడికి బావ ఓ పని చూశాడు. టాక్సీ స్టాండులో ఫోను ఎత్తి, ఎవరు ఎక్కడికి వెళ్ళాలో విని, డ్రైవర్లకు చెప్పడం. వాడి గొంతు, వాడి వేళాకోళం అక్కడ పనికొచ్చాయి. తల్లి వాడితోనే ఉంటుంది. సాయంత్రాలు వాడి ఎదురుగా పీట వేసుకుని కూర్చుని మాట్లాడుతుంది. వాడు గోడ వైపు తల తిప్పితే, తను లేచి వెళ్ళి ఆ గోడ దగ్గర కూర్చుంటుంది, వాడి చూపు అందే చోట.

ఇక కొడుక్కి చెప్పడం మిగిలింది. చుక్కలక్క రెండేళ్ళు దాటించింది. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే భర్తకు చెప్పింది. ఆ రోజు మొదటిసారి ఆయన ఏ జోకూ వెయ్యలేదు. "వాడికి నేను చెప్పనా?" అని మాత్రం అడిగాడు. వద్దంది. ఒకరోజు ఉతకడానికి తీసిన కొడుకు చొక్కా జేబులో సిగరెట్టు పొడి కనిపించింది. చొక్కా పట్టుకుని అలాగే వాడి గదిలోకి వెళ్ళింది.

వాడు తిడుతుందనుకుని, "ఫ్రెండ్సుదమ్మా" అని మొదలుపెట్టాడు. ఆమె మంచం మీద వాడి పక్కన కూర్చుంది. మామయ్యకు వచ్చిందేమిటో, ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరి నుంచి ఎవరికి వెళ్తుందో చెప్పింది. ల్యాబులో కొత్తవాళ్ళకు చెప్పినట్టు వరసగా చెప్పింది.

"నాకు ఉందా?" అన్నాడు.

"రాత ఉంటుంది. కళ్ళకు వస్తుందా రాదా ఎవరికీ తెలీదు."

"నీకూ ఉంది కదా."

"ఉంది."

వాడు ఆ చొక్కా ఆమె చేతిలోంచి తీసుకుని జేబు తిరగేసి కిటికీలోంచి దులిపాడు. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. "నీ మొహం అలా పెట్టకమ్మా. నువ్వేమైనా కావాలని ఇచ్చావా?" అన్నాడు. మెకానిక్కు షెడ్డులో ఇంజన్ల మధ్య తిరిగే పిల్లాడు, పెద్ద మాటలు రానివాడు. ఆ ఒక్క మాటకు ఆమె అప్పటిదాకా ఆపుకున్నదంతా బయటికి వచ్చింది. వాడు ఆమె వీపు మీద చెయ్యి వేసి, ఏం చెయ్యాలో తెలియక, తడుతూ కూర్చున్నాడు.

అప్పట్నుంచి ఆమె ఒకటి గమనిస్తోంది. పొద్దున పనికి బయల్దేరే ముందు వాడు వంటింట్లో గోడకున్న క్యాలెండరు ముందు నిలబడతాడు. టైర్ల షాపువాళ్ళు ఇచ్చిన క్యాలెండరు. ముందు ఎడమ కన్ను అరచేత్తో మూస్తాడు, తర్వాత కుడి కన్ను. మధ్యలో ఉన్న పెద్ద అంకెల్ని చూడడు. అడుగున ఆ షాపులో ఏమేం పనులు చేస్తారో చెప్పే చీమల్లాంటి అక్షరాలు ఉంటాయి, వాటిని చూస్తాడు. ఆమె పొయ్యి దగ్గర వెనక్కి తిరిగి, ఏమీ ఎరగనట్టు గరిటె తిప్పుతూ ఉంటుంది. అడగదు. అడిగే ధైర్యం ఏ రోజూ చాలదు. గిన్నెలో ఉన్నది అడుగంటుతున్నా గరిటె ఆగిపోతుంది.

మొన్న ఒకరోజు వాడికి ఎక్కువసేపు పట్టింది. చేతులు మార్చి మార్చి చూశాడు. ఆమె పొయ్యి ఆర్పేసి అలాగే నిలబడింది.

"పంక్చర్లు కూడా వేస్తారట, అమ్మా" అన్నాడు వాడు, వెనక్కి తిరక్కుండానే.